పట్టపగటి దీపాలు

సంచిలో మూడు జతల బట్టలు పెట్టింది ధనమ్మ. బందరు వెళ్ళి రావడానికి ఒక్క పగలు చాలు, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చేయొచ్చు. అయినా మూడు జతలు పెట్టింది. వాటి మీద దుప్పటి, దుప్పటి మడతలో సబ్బు బిళ్ళ, వేపపుల్లల కట్ట, కాగితంలో చుట్టిన తలనొప్పి మాత్రలు.

పోతయ్య గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి ఆమెను చూశాడు.

"ఏమే, నేను వెళ్ళేది జిల్లా పరిషత్తుకా, జైలుకా?"

"ఆ మాట నోటితో అనకు."

"నేను నోటితో అన్నాను. నువ్వు దుప్పటితో అంటున్నావు."

ఆమె నవ్వలేదు. దుప్పటి తీయనూ లేదు. సంచి సర్దే చేతులకు జరగబోయేది ముందే తెలుస్తుందని కొందరు చెబుతారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళాక ఉన్నవాళ్ళు కల్పించుకున్న మాట అది. చేతులకు ఏమీ తెలియదు. అవి మడతలు పెడతాయి, అంతే.

పోయిన వారం ఆ ఇంటికి వచ్చిన నోటీసు కాగితమే ఈ ప్రయాణానికి కారణం. దివిసీమలో నాగాయలంక దాటాక వచ్చే పుల్లేటిదిబ్బ పంచాయతీకి పోతయ్య ఎలక్ట్రీషియను. మంచినీళ్ళ పంపు నడిపేదీ ఆయనే. ఆర్డరు కాగితం లేని ఉద్యోగం. ఊళ్ళో రెండువందల పది వీధి దీపాలు, చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో లాగే, రాత్రీ పగలూ వెలుగుతుండేవి. ఇళ్ళకు వెళ్ళే తీగకే వీధి దీపాలనూ తగిలించడం వల్ల వాటిని విడిగా ఆర్పే దారి లేకపోయింది. పోతయ్య కరెంటు ఆఫీసు అనుమతి తెచ్చుకుని, దీపాల కోసమే స్తంభాల మీద మూడో తీగ లాగాడు. ఊరిని పదకొండు ముక్కలు చేసి ముక్కకొక స్విచ్చి పెట్టె బిగించాడు. నెలకు ఏడున్నర వేల యూనిట్లు తిరిగే మీటరు నాలుగువేల లోపుకు దిగింది.

జిల్లాలో ‘పొరుగు పాఠం’ మొదలై అప్పటికి రెండేళ్ళు. ఒక పంచాయతీ నేర్చుకున్నది ఇంకో పంచాయతీకి నేర్పాలి, అందరూ కలిసి గాలిలోకి వెళ్ళే బొగ్గుపులుసు వాయువును తగ్గించాలి. ఇరవై రెండు ఊళ్ళు చేరాయి. సముద్రం ఏటేటా కాస్త పైకొస్తుందని, దానికి కారణం ఆ వాయువేనని అధికారులు చెబితే దివిసీమ వాళ్ళు మారు ప్రశ్న వేయలేదు. ఉప్పునీళ్ళు ఎక్కిన చేలు వాళ్ళ కళ్ళ ముందే ఉన్నాయి.

పుల్లేటిదిబ్బ పెట్టెలు చూడడానికి గుడివాడ దగ్గరి కొత్తమేరక నుంచి ప్రెసిడెంటు సీతారామయ్య కారులో వచ్చాడు. పోతయ్య రోజంతా వెంట తిప్పి చూపించాడు. సీతారామయ్య వెళ్ళి తన ఊళ్ళో మూడో తీగ లాగించి, పద్నాలుగు పెట్టెలు బిగించాడు. నాలుగు నెలలు గడిచినా అక్కడి మీటరు మునుపటిలాగే తిరిగింది. ఊరు నవ్వింది, ఆయనకు మండింది. పుల్లేటిదిబ్బలో తగ్గింది కరెంటు వాడకం కాదని, పోతయ్య మీటరునే ఆపేశాడని అర్జీ రాసి సంతకం పెట్టాడు.

అది నిజమని తేలితే పోతయ్యకు పని పోతుంది, పోలీసు కేసు వస్తుంది, స్తంభాల మీంచి పెట్టెలు ఊడదీస్తారు. 2008 జూన్ రెండో తేదీ, సోమవారం, ఉదయం పదింటికి బందరులో విచారణ.

"నేనూ వస్తాను" అంది ధనమ్మ సంచి మూతి బిగిస్తూ.

"నువ్వెందుకు? పాలకేంద్రం ఎవరు చూస్తారు?"

"పొద్దుటి పాలు కొలిచేశాను. సాయంత్రానికి మా చెల్లి వస్తుంది. నువ్వు ఒక్కడివే వెళ్ళడం నాకిష్టం లేదు."

"అక్కడ ఆడవాళ్ళకేం పని?"

వీధిలోంచి ఒక గొంతు జవాబిచ్చింది. "ఏం పనా? సర్పంచిని నేనున్నానుగా! నన్ను మగాళ్ళ లెక్కలో వేశావా పోతయ్యా?"

జ్ఞానమ్మ ఆటో దిగి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో బైబిలంత లావు ఫైలు. రెండేళ్ళ కిందట సర్పంచి అయినప్పుడు సంతకం పెట్టడానికి పదిమంది చేత పదిసార్లు చదివించుకునేది. ఇప్పుడు తనే చదివి, చదివింది నచ్చకపోతే సంతకం పెట్టదు.

"రా ధనం, ఎక్కు. ఆయన సంచి నువ్వు మొయ్యి, నువ్వు పడే భయం నేను మోస్తాను."

అవనిగడ్డలో ఆటో దిగి బస్సెక్కారు. పులిగడ్డ వంతెన మీద కృష్ణ సన్నగా, ఇసుక దిబ్బల మధ్య దారి వెతుక్కుంటూ పారుతోంది. ధనమ్మకు వంతెనలంటే ఇష్టం లేదు. దాటినవాళ్ళు ఎటూ కాని మొహంతో కిటికీలోంచి వెనక్కి చూడడం ఆమె చాలాసార్లు చూసింది.

*

జిల్లా పరిషత్తు హాలు నిండుగా ఉంది. ఇరవై రెండు ఊళ్ళ ప్రెసిడెంట్లు, వెనక వాళ్ళ ఊరివాళ్ళు. పైన పంకాలు తిరుగుతున్నాయి గానీ గాలి వాటి దగ్గరే ఆగిపోతోంది. ‘పొరుగు పాఠం’ చూసే అధికారి ఆనందరావు మెత్తటి మనిషి. ఎవరినీ నొప్పించకూడదని చూస్తాడు, అందువల్ల ఏ పనీ తొందరగా తేలదు. ఆ రోజు మాత్రం ఆయన ముందు రెండే కాగితాలున్నాయి. ఒకటి సీతారామయ్య అర్జీ, రెండోది పోతయ్యను పనిలోంచి తీసేయమనే ఉత్తర్వు. సంతకం చేయడమే మిగిలింది.

"మీటరు పరీక్ష చేయించామండీ. సీలు సరిగ్గానే ఉంది" అన్నాడు ఆనందరావు.

సీతారామయ్య లేచాడు. అరవై దాటినా నిటారైన మనిషి. తెల్లపంచె, మడత నలగని చొక్కా. ముప్ఫై ఏళ్ళు రైసుమిల్లు నడిపినవాడు.

"సీలు ఉంటుందండీ, ఎందుకుండదు? వేసే చేతులే తీస్తాయి, తీసిన చేతులే మళ్ళీ వేస్తాయి. మీటర్ల సంగతి నాకు చెబుతారా?"

"ఆ చేతులేవో తమకు బాగా పరిచయమున్నట్టుంది, ప్రెసిడెంటు గారూ" అంది జ్ఞానమ్మ కూర్చున్న చోటునుంచే.

హాల్లో నవ్వులు లేచాయి. సీతారామయ్య మెడ ఎర్రబడింది.

"నవ్వులాట కాదమ్మా. నేను అడిగేది ఒక్కటే. మూడో తీగ లాగమన్నారు, లాగాం. మీవాడు చెప్పిన స్విచ్చే కొన్నాం, చెప్పిన ఎత్తులోనే బిగించాం. మీకు పదకొండు పెట్టెలుంటే మాకు పద్నాలుగు. అయినా మా మీటరు పూర్వం ఎంతో ఇప్పుడూ అంతే. మీది మాత్రం సగానికి పడిపోయింది. ఎలా? మీ ఊళ్ళో సూర్యుడేమైనా రోజుకు రెండుసార్లు పొడుస్తాడా?"

ఈసారి హాలు ఆయన పక్షాన నవ్వింది.

"చెప్పు పోతయ్యా" అన్నాడు ఆనందరావు. "ఎందుకు తేడా?"

పోతయ్య లేచి నిలబడ్డాడు. తీగ సంగతి చెప్పాడు. పెట్టెలో ఫ్యూజు ఎలా వేయాలో చెప్పాడు. ఎర్తు ఎంత లోతున ఉండాలో చెప్పాడు. ప్రతిదానికీ సీతారామయ్య తల ఊపాడు. "చేశాం. అదీ చేశాం. చేశాం బాబూ, ముందుకు పో." చివరికి పోతయ్య గాల్లో చెయ్యి చాచి, అక్కడ లేని స్తంభాన్నేదో పట్టుకోబోయినట్టు వేళ్ళు ముడిచాడు.

"నాకు తెలియదండి" అన్నాడు. "కానీ నేను మీటరు ముట్టుకోలేదు."

"తెలియదట!" అన్నాడు సీతారామయ్య. కూర్చుంటూ పక్కనున్న ప్రెసిడెంటుతో, అందరికీ వినపడేలా అన్నాడు. "నాలుగు నెలలు నన్ను వెర్రివాణ్ణి చేశాడండీ. మా ఊళ్ళో చంటిపిల్లలు కూడా పెట్టెల తాతా అని పిలుస్తున్నారు నన్ను."

ఆనందరావు నిట్టూర్చాడు. "మరి ఇంకెవరైనా చెప్పేదుందా?"

జ్ఞానమ్మ ఫైలు తిరగేస్తోంది. ఆ ఫైల్లో లేనిదే కావాలని ఆమెకూ తెలుసు. ఆనందరావు పెన్ను మూత తీశాడు.

ధనమ్మ వెనక బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదిమంది ముందు ఎప్పుడూ మాట్లాడిన మనిషి కాదు. పెన్ను కాగితం మీదికి వంగడం చూసింది. సంచి కింద పెట్టి లేచింది.

"అయ్యగారూ, ఆ పెన్ను ఒక్క క్షణం ఆపండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"ఆయన ఇల్లాలినండి. మూడో పెట్టె నాది."

"నీదేంటి? పెట్టెలు పంచాయతీవి గదా?"

"పెట్టె పంచాయతీదేనండి. ఆర్పే చెయ్యి నాది." ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "గంట నుంచి వింటున్నాను. తీగ గురించి అడిగారు, సీలు గురించి అడిగారు. దీపం ఆర్పేదెవరని ఒక్కరూ అడగలేదేంటండీ?"

సీతారామయ్య నుదురు ముడిచాడు.

"స్విచ్చి ఉన్నాక ఎవరో ఒకరు ఆర్పుతారుగా అమ్మా!"

"అక్కడేనండి. ఎవరో ఒకరు ఆర్పరు. నేను ఆర్పుతాను. మాది పాలకేంద్రం. తెల్లారగట్ల నాలుగున్నరకు పాలు వస్తాయి. పాలల్లో గాజుబుడ్డి వేసి గీత చూడాలి, నీళ్ళు కలిపారో లేదో ఆ గీతే చెబుతుంది. మా కేంద్రం అరుగు మీద వీధి దీపం వెలుగులోనే చూస్తాను. తూర్పు తెల్లబడగానే దీపం ఆర్పి, మళ్ళీ గీత చూస్తాను. కనబడిందా, ఇక దీపంతో పనిలేదు. కనబడకపోతే మళ్ళీ వేస్తాను. వేసవిలో ఒక వేళ, ముసురు రోజుల్లో ఒక వేళ. నాకు గడియారం అక్కర్లేదండి."

"మరి మిగతా పెట్టెల సంగతి?" అన్నాడు ఆనందరావు. ఆయన పెన్ను చేతిలోనే ఉంది గానీ చూపు కాగితం మీద లేదు.

"ఒకటో పెట్టె చర్చి గంట కొట్టే జకరయ్య మావది. రెండోది రామాలయం పూజారి గారిది. రేవు దగ్గరిది పీతలు కొనే సత్యవతమ్మది, ఆమె బుట్టలో పీత కాలు కనపడితే ఆర్పేస్తుంది. టీ దుకాణం, బడ్డీ కొట్టు, వలలు బాగుచేసే పాక... పదకొండు పెట్టెలకూ పదకొండు మంది. అందరూ తెల్లారేసరికి పనిలో ఉండేవాళ్ళే. ఎవరికైనా జ్వరమొస్తే పక్కింటి వాళ్ళు ఆర్పుతారు. మరిచిపోతే దారిన పోయే వాళ్ళు తిడతారు. ఒకరోజు పొద్దెక్కినా నా దీపం వెలుగుతుంటే పూజారి గారు కేకేశారు, ‘ఏం ధనమ్మా, సూర్యుడికి దారి చూపిస్తున్నావా’ అని."

ముందు వరుసలో ఎవరో గట్టిగా నవ్వారు. ధనమ్మకు ఆ నవ్వుతో కాళ్ళ కింద నేల దొరికింది. నేరుగా సీతారామయ్య వైపు తిరిగింది.

"బాబుగారూ, ఒక్క మాట. మీ పెట్టెలకు తాళాలున్నాయా?"

"ఉండవా మరి! ఖరీదైన స్విచ్చీలు. పిల్లలు ఆడుకుంటారు, దొంగలు ఎత్తుకుపోతారు. మంచి తాళాలే వేయించాను."

"తాళంచెవులెక్కడుంటాయండీ?"

"పంచాయతీ ఆఫీసులో. బీరువాలో. పద్నాలుగింటికీ నంబర్లు కూడా వేయించాను."

"ఆఫీసు ఎన్నింటికి తీస్తారండీ?"

సీతారామయ్య నోరు తెరిచాడు. హాల్లో ఒక మూల ముసిముసి నవ్వు పుట్టి, వరుస దాటి వరుసకు పాకింది.

"పదిన్నరకు" అన్నాడు చివరికి, తక్కువ గొంతుతో.

"మరి సాయంత్రం?"

"అయిదింటికి మూసేస్తారు... మూసే ముందు గుమస్తా వెళ్ళి దీపాలు వేసేసి..." ఆయన ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది.

ఆనందరావు గోడ గడియారం చూశాడు. పదకొండు కావడానికి పది నిమిషాలు. "సీతారామయ్య గారూ, ఫోనుందా? ఇంటికొకసారి చేయండి. అందరికీ వినపడేలా పెట్టండి."

ఫోను మోగింది. సీతారామయ్య భార్య సులోచన గొంతు హాలంతా వినబడింది.

"ఏంటండీ, అయిపోయిందా? ఆ దొంగవాణ్ణి తీసేశారా?"

"అది తర్వాత చెబుతాను. మన గుమ్మం ముందు వీధి దీపం వెలుగుతోందా, చూడు."

"చూసేదేముంది, వెలుగుతోంది. అది ఆరింది ఎప్పుడు గనక?"

"గుమస్తా ఆర్పలేదా?"

"గుమస్తానా? శుక్రవారం నుంచి రాలేదుగా! వాళ్ళ తోడల్లుడింట్లో పెళ్ళని వెళ్ళాడు. చెవులు వాడి జేబులోనే ఉన్నాయట. రోజూ మాత్రం ఏం ఆర్పి చచ్చాడు! పదకొండింటికొచ్చి రెండు వీధులు తిరిగేసరికి ఎండ దెబ్బ తగిలిందంటాడు. ఏమండీ, వింటున్నారా? ఎవరో నవ్వుతున్నారేంటి?"

నవ్వు ఇక ఆగలేదు. బల్లలు చరిచారు. ఒక ముసలి ప్రెసిడెంటు కళ్ళు తుడుచుకుంటూ "మా ఊళ్ళో కూడా తాళాలేనయ్యా, మా ఊళ్ళో కూడా!" అన్నాడు. సీతారామయ్య ఫోను జేబులో పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అలాంటి చోట ఆయన అరిచి వెళ్ళిపోతాడనే అందరూ అనుకున్నారు.

అంతలో పోతయ్య మాట్లాడాడు.

"తప్పు నాదండి. మీరొచ్చిన రోజు నేను పెట్టెలు చూపించాను. మనుషుల్ని చూపించలేదు. నేను తీగల పనివాణ్ణి, నా కంటికి తీగలే కనబడ్డాయి. ఆర్పేవాళ్ళు ఎప్పుడూ ఉండేవాళ్ళేగా అనుకున్నాను. ఇంట్లో మనిషే ఆర్పుతుంటే నాకే తోచలేదు. నేర్పడం రాక అరకొరగా నేర్పాను. క్షమించండి."

సీతారామయ్య ఆనందరావు బల్ల దగ్గరికి నడిచి, తన అర్జీ తీసుకుని, నిలబడే దాని కింద రాశాడు. రాసింది తనే పైకి చదివాడు. "నేను చేసిన ఆరోపణ తప్పు. పోతయ్య నిజాయితీ గల మనిషి. దీపాలు ఆరనిది మా తాళాల వల్ల." సంతకం పెట్టి, తేదీ వేశాడు.

ఆనందరావు రెండో కాగితం తీసుకుని అడ్డంగా గీత కొట్టాడు.

"ఒక యూనిట్టు కరెంటు పుట్టాలంటే ముప్పాతిక కిలో బొగ్గు కాలాలండీ" అన్నాడు హాలు వైపు తిరిగి. అంత గట్టిగా ఆయన మాట్లాడడం ఎవరూ వినలేదు. "పుల్లేటిదిబ్బలో నెలకు రెండున్నర టన్నుల పైన బొగ్గు కాలకుండా ఆగుతోంది. ఒక గాజుబుడ్డి గీత చూసి, పీత కాలు చూసి ఆపారు. మనం రెండేళ్ళుగా చార్టులు గీస్తున్నాం. ఇరవై రెండు ఊళ్ళూ ఇలా ఆర్పితే ఎంతవుతుందో మీరే చూసుకోండి."

"మా ఊరికి పోతయ్యను పంపండి!" అని ఒకరు.

"ముందు మాకు! మాకు నూట ఎనభై దీపాలు!"

చేతులు లేచాయి. జ్ఞానమ్మ లెక్కపెట్టింది. పంతొమ్మిది. ఫైలు మూసి, లేచి నిలబడింది.

"ఊరికే రాడండీ మా మనిషి. బదులు కావాలి."

ఆ మాట వినగానే హాలంతా తలలూపింది. అక్కడున్న వాళ్ళందరూ నాట్ల కాలంలో దాని మీద బతికిన వాళ్ళే. నీ చేలో నేను రెండు రోజులు వంగితే, నా చేలో నువ్వు రెండు రోజులు వంగాలి. కూలి ప్రసక్తి ఉండదు. మనిషికి మనిషి బదులు.

"ఏం కావాలి?" అన్నాడు సీతారామయ్య.

"గడ్డి. మా వైపు కోత మిషన్లు వచ్చాక గడ్డి చేలోనే తగలబెడుతున్నారు. దీపాలు ఆర్పి మిగిల్చిందంతా ఆ మంటల్లో పోతోంది. మీ కొత్తమేరకలో ఒక్క చేను కూడా కాల్చరటగా. మిషను వదిలిన గడ్డిని మోపులు కట్టి మెట్ట ఊళ్ళ పాడిరైతులకు పంపుతారట. ఎలా కడతారో మాకు రాదు. డిసెంబరు కోతలకు మీ మేస్త్రిని నెల రోజులు మా ఊరికి పంపండి."

"పంపుతాను. నేనే వెంటబెట్టుకొస్తాను."

"అయితే మాకు సమ్మతమే. కానీ బదులు మాట ఇవ్వాల్సింది నేను కాదు." జ్ఞానమ్మ వెనక్కి తిరిగి చూసింది. "మా వైపు ఆ మాట ఇంటి ఆడమనిషి ఇవ్వాలి. మనిషి లేని రోజులు ఇల్లెలా గడుస్తుందో తెలిసేది ఆమెకే. అడగండి."

సీతారామయ్య నడిచి వెనక బెంచీ దాకా వచ్చాడు. కాసేపటి కిందట తను దొంగగా నిలబెట్టిన మనిషి భార్య ముందు రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, నేను తొందరపడి మాట తూలాను. నీ ఇంటాయన్ని ముప్ఫై రోజులు మా ఊరికి బదులివ్వు. మా ఇంట్లోనే భోజనం, మా ఇంట్లోనే పడక. ఈసారి తీగలు చూపించక్కర్లేదు. మా ఊళ్ళో తెల్లారుజామున లేచేదెవరో వెతికి, చెవులు వాళ్ళ చేతిలో పెడితే చాలు."

"తాళాలే తీసేయండి బాబుగారూ" అంది ధనమ్మ. "చెవులు పోతాయని మళ్ళీ బీరువాలో పెడతారు."

మళ్ళీ నవ్వులు. సీతారామయ్య కూడా నవ్వాడు, మొదటిసారిగా.

ధనమ్మ భర్త వైపు చూసింది. పోతయ్య మొహంలో పెళ్ళినాడు కూడా కనపడని వెలుగుంది. పంతొమ్మిది ఊళ్ళు ఆయన్ని అడుగుతున్నాయి. పొద్దున వరకూ ఎవరికీ పట్టని, ఆర్డరు కాగితం కూడా లేని మనిషి. ఆయన ఆమె నోటి మాట కోసం చూస్తున్నాడు. వద్దంటే మానేస్తాడని ఆమెకు తెలుసు. లోపల ఎక్కడో ఒక పాత భయం వద్దనే అంది. ఎప్పుడూ అనేదే. వంతెన మీదా అంటుంది, తలుపు గడియ పెట్టేటప్పుడూ అంటుంది. దాని మాట వింటే ఏ మనిషీ ఏ గుమ్మమూ దాటడు.

"ముప్ఫై రోజులేగా" అంది. "పంపిస్తాను."

చప్పట్లకు పంకాల చప్పుడు వినపడలేదు.

సాయంత్రం బందరు బస్టాండులో జ్ఞానమ్మ ముగ్గురికీ లడ్డూలు కొంది. పోతయ్య రెండు తిన్నాడు. బస్సు కిటికీలోంచి దారిలో వచ్చిన ప్రతి ఊరి దీపాలూ చూస్తూ, ఎండ ఇంకా ఉండగానే వెలుగుతున్న వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఇదీ మనదే" అన్నాడు ఘంటసాలలో. "ఇదీ" అన్నాడు చల్లపల్లిలో. "ఊరుకోవయ్యా, ముందు కొత్తమేరక కానీ" అని జ్ఞానమ్మ కసిరితే, ధనమ్మ ఆ రోజంతటిలో మొదటిసారి పైకి నవ్వింది. మోపిదేవి దాటాక ఆయన ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. పులిగడ్డ వంతెన వచ్చిందీ, వెళ్ళిందీ ఆమెకు తెలియలేదు.

జూన్ పదకొండు, బుధవారం ఉదయం పోతయ్య కొత్తమేరక వెళ్ళాడు. మొదటి వారమే తాళాలన్నీ ఊడదీయించాడు. పద్నాలుగు పెట్టెలకు పద్నాలుగు మందిని వెతికాడు. పాలవాళ్ళు, పేపరు ఏజెంటు, ఇడ్లీ బండి ఆమె, బస్టాండు ఊడ్చే పెద్దమ్మ. మొదటి పెట్టె సులోచన తీసుకుంది. గుమస్తాకు ఏ పెట్టే ఇవ్వలేదు. రోజు విడిచి రోజు సాయంత్రం పాలకేంద్రానికి ఫోను చేసి, ఆ పొద్దున ఎన్ని దీపాలు వేళకు ఆరాయో చెప్పేవాడు. ఇరవై ఎనిమిదో రోజున అన్నీ ఆరాయన్నాడు. పట్టపగలు కొత్తమేరకలో ఒక్క దీపం లేదన్నాడు. గురువారం వచ్చేస్తున్నానన్నాడు.

జూలై పది, గురువారం మధ్యాహ్నం సీతారామయ్య స్వయంగా పోతయ్యను కారులో తీసుకొచ్చి, గుడివాడ బస్టాండులో పూలదండ వేసి, అవనిగడ్డ బస్సు ఎక్కించాడు. బస్సు కదిలేదాకా అక్కడే ఉన్నాడు. పోతయ్య కిటికీలోంచి చెయ్యి ఊపడం చూశాడు.

ఆ బస్సు వేళకే అవనిగడ్డ చేరింది. అందులో పోతయ్య లేడు. ఎక్కడ దిగాడో, ఏమయ్యాడో వెతికినవాళ్ళెవరికీ తెలియలేదు.

ఆయన 2008 జూలై పదిన పుల్లేటిదిబ్బకు రాలేదు. ఆ తర్వాత ఎన్నడూ తిరిగి రాలేదు.